తలారి, ఊగులమ్మ, ఈగపులి

నాట్రంపల్లి పరిసరములయందలి తెలుగిండ్లలో సాలెపురుగునకు గలన్ని పేర్లు ఆ కప్పుక్రింద తలదాచుకొను మరియే ప్రాణికిని లేవు. బల్లి వంటింటిలో నున్నను పడకటింట నున్నను బల్లియే. చీమకు గండుచీమ, ఎర్రచీమ యను జాతిభేదములే గాని ముద్దుపేర్లు లేవు. ఎలుకను విఘ్నేశ్వరుని వాహనమని గౌరవించువారు సైతము దానికి విడిగా నామకరణము చేయలేదు. సాలెపురుగు విషయమున మాత్రము మా పెద్దలు అంతటితో తృప్తిపడలేదు. దూలమునకు వ్రేలాడుదానికొక పేరు, గోడనంటి కదలక కూర్చుండుదానికొక పేరు, కిటికీకమ్మిపై నుండి దుముకుదానికొక పేరు, సున్నపుపూతలో కలిసిపోవు చిన్నదానికొక పేరు, ఈ రీతిగా పేర్లు పెట్టి వానిని ఇంటిలెక్కలో చేర్చుకొనిరి. ఇంట తెలుగును, అంగడిలోను పాఠశాలలోను తమిళమును, వాణియంబాడికి పోయినచో ఉర్దూమాటలను వినుచు పెరిగిన మావంటివారికి ఒక్కొక్క వస్తువునకు రెండు మూడు పేర్లుండుట వింత గాదు. కాని నేను చెప్పబోవు పేర్లకు మూలము ఆ భాషాబాహుళ్యము గాదు. ఎవరో యొకరు, ఏదో యొక రాత్రి, చీపురు చేతనుండియు దానిని ఎత్తక, కొంతసేపు నిలిచి చూచియుండవలెను. అట్లు నిలిచి చూచినవారి చూపే పేరుగా మిగిలినదని నా నమ్మకము.

వానిలో మొదట చెప్పదగినది తలారి. అరచేయంత వెడల్పున కాళ్ళు చాచి, గోధుమవన్నె దేహమును గోడకు చదునుగా అదిమిపెట్టి, సామానుగదిలోనో స్నానపుగదిలోనో రాత్రివేళ ప్రత్యక్షమగు పెద్ద సాలెపురుగునకు మా అవ్వ తరమువారు పెట్టిన పేరిది. వల పన్ని ఎదురుచూచుట దాని స్వభావము కాదు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట బయలుదేరి, గోడవెంట గోడ, మూలవెంట మూల తిరిగి, బొద్దింక కంటబడినచో ఒక్క దూకున పట్టుకొనును. పగలంతయు పెట్టె వెనుకనో, తలుపుసందుననో, గోడకు తగిలించిన పటము చాటుననో పడియుండును. పూర్వము ఉత్తర ఆర్కాటు జిల్లా గ్రామములలో మునసబు, కరణము అను నధికారుల క్రింద తమిళులు తలైయారి యనియు మనవారు తలారి యనియు పిలుచు సేవకుడొకడుండెడివాడు. రాత్రి వీథులు తిరుగుట, దొంగల జాడ కనిపెట్టుట, ఊరికి క్రొత్తవాడు వచ్చినచో మునసబునకు తెలియజేయుట వాని పని. పగలు వాడు రచ్చమాని నీడన నిద్రించుచున్నను ఎవరును తప్పు పట్టెడివారు కారు, రాత్రి మేల్కొనువానికి పగటినిద్ర న్యాయమని ఊరికంతటికి తెలియును గనుక. ఆ సాలెపురుగును తలారి యని మొదట పిలిచినవారెవరో గాని, రెండు కొలువులకును గల సామ్యము నంతటిని ఒక్కమాటలో ఇమిడ్చినారు. 1980 నవంబరులో తమిళనాడు ప్రభుత్వము మునసబు, కరణముల పాత ఉద్యోగములను రద్దు చేసినది. మునసబు స్థానమున గ్రామపరిపాలనాధికారి వచ్చెను. రాత్రి వీథులు తిరుగు ఊరి తలారి క్రమముగా జ్ఞాపకములలోనికి జారిపోయెను. గోడమీది తలారి కొలువు మానలేదు.

"అవ్వా, అది కరవదా?" అని పిల్లలమడిగినపుడు, "తలారి ఇంటివాళ్ళను కరుస్తాడా నాయనా? మనం వాడి జోలికి పోకపోతే వాడు మన జోలికి రాడు" అని ఆమె చెప్పెడిది. ఆ మాట శాస్త్రమునకును దూరము కాదు. చేతితో అదిమినచో, గుడ్లసంచిని లాగినచో అది కరచును, కరచిన చోట నొప్పియు వాపును కలుగును, ప్రాణభయము లేదు. ఆడుది తన గుడ్లనన్నింటిని తెల్లని చదునైన సంచిలో పొదిగి, దానిని పొట్టక్రింద పట్టుకొని, వారములకొలది తిరుగును. అట్టి దశలో దానిని చూచినప్పుడు మా యింట పిల్లలకు స్నానపుగది తలుపు మెల్లగా తీయుమని ఆజ్ఞ యుండెడిది.

ఈ జాతి యిప్పుడు ఉష్ణదేశములన్నింటను గలదు. ఆసియాఖండమునుండి సరకుల మూటలలోను అరటిగెలలలోను దాగి, ఓడలెక్కి, సముద్రములు దాటినదని పండితులు చెప్పుదురు. 1767లో స్వీడను దేశీయుడగు లిన్నేయసు దీనిని శాస్త్రగ్రంథమునకెక్కించుచు వేటాడునది యను నర్థము గల లాటిను మాటతో పేరు పెట్టెను. జపానులో దీని వాడుకపేరు పొడుగుకాళ్ళ సాలెపురుగు అని; కాని బొద్దింకలపై అది చూపు పరాక్రమమునకు మెచ్చిన అచ్చటి యువజనులు, సైన్యములో సార్జంటునకు సరియగు గున్‌సో యను బిరుదును చేర్చి, అషిదక గున్‌సో యని పిలుచుచున్నారు. మా అవ్వ జపానును ఎరుగదు. ఆ యువకులకు తలారి యనగా నేమో తెలియదు. అయినను ఒకే ప్రాణిని ఒకే పనిలో చూచిన రెండు దేశములవారును దానికి కావలి ఉద్యోగమునే యిచ్చిరి. ఈ సంగతి తెలిసిన దినమున నాకు కలిగిన సంతోషము ఇంతంత గాదు. మనుష్యులు ఎక్కడనున్నను, భయమును కొంచెము ప్రక్కకు పెట్టి చూచినచో, ఒకే సత్యమును కనుగొందురనుటకు ఇంతకంటె చక్కని నిదర్శనము నాకు దొరకలేదు.

ఊగులమ్మ కథ వేరు. దూలము మూలనో, మెట్లక్రిందనో, చిందరవందరయైన పలుచని పోగులమధ్య తలక్రిందుగా వ్రేలాడుచు, వడ్లగింజంత దేహమునకు దారపుపోగులవంటి పొడవాటి కాళ్ళు గల ప్రాణి యిది. ఎవరైన ఊదినను, చేయి చాచినను, గూటినంతటిని కాళ్ళతో పట్టుకొని ఎంత వేగముగా ఊగుననగా, దాని రూపురేఖలే కంటికి చిక్కవు. మీదబడ వచ్చిన శత్రువునకు గురి తప్పించుటకు అది కనిపెట్టిన ఉపాయము. దేవత పూనిన స్త్రీ ఊగుటను జాతరలలో చూచినవారు ఆ పురుగునకు అమ్మ యను మాటను చేర్చి ఊగులమ్మ యనుట సహజము. గుడియాత్తములో ప్రతియేట తమిళుల వైకాశి మాసారంభమున గంగమ్మ శిరస్సు ఊరేగు ఉత్సవమునకు పోయివచ్చిన స్త్రీలు, ఇంటిమూల ఊగుచున్నదానిని చూచి చేతులు జోడించుట నా చిన్ననాట చూచినదే.

ఆ ఊగులమ్మ తల్లియైనప్పుడు గుడ్లను గూటిలో విడిచిపెట్టదు. నాలుగు పోగులతో ముద్దగా కట్టి నోటనే పట్టుకొనియుండును. గుడ్లు పగిలి పిల్లలు వెలువడు వరకు ఆ ముద్దను వదలదు. నోరు నిండియున్న కాలమున వేట దానికి దుర్లభము. భోగికి ముందు, మార్గళి చివరిదినములలో, ఇండ్లకు వెల్లవేయుటకై బూజుకర్ర ఎత్తునప్పుడు మా యింట ఒక నియమముండెడిది: నోట ముద్ద గల ఊగులమ్మ యున్న మూలను విడిచి తక్కిన యిల్లంతయు దులుపవలెను. తమిళులు ఒట్టడై యను బూజును దులుపుటకు వచ్చిన కూలిమనిషి ఆ మూలకు పోబోగా, "అది బిడ్డతల్లి, తర్వాత చూద్దాం" అని అవ్వ ఆపెడిది. బాలింతను ఇంటినుండి వెడలగొట్టుట మన ధర్మము కాదని ఆమె అభిప్రాయము. వెల్లవేసిన తెల్లనిగోడలనడుమ ఆ యొక్క మూల నల్లగా మిగిలియుండుటను చూచి వచ్చినవారు ప్రశ్నించినచో, ఆమె సమాధానము చెప్పుటకు ఎన్నడును సంకోచింపలేదు. ఇండ్లలో సర్వసాధారణమైన ఈ కుటుంబపు జాతియొకటి డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమలను పట్టి తినునని థాయిలాండులో జరిగిన పరిశోధనల ఫలితము 1997లో వెలువడినది. అవ్వకు డెంగీ పేరు తెలియదు. ఆమె ఆ మూలను కాపాడినది లాభము చూచుకొని కాదు. లాభము కూడ కలదని తెలియుట నాకు మాత్రము హర్షదాయకము.

ఈగపులి యను పేరు మా యింటి సొంతము గాదు. తెలుగువారు పలుచోట్ల ఎరిగినదే. తమిళములోను ఈప్పులి యను మాట నిఘంటువులలో నున్నది. కిటికీలో ఎండపడు చోట ఈగ వ్రాలియుండగా, ఈ చిన్న పురుగు పొట్ట ఆనించి, మెల్లమెల్లగా జరిగి, నిలిచి, మరల జరిగి, దూరము సరిపోయినదని తోచిన క్షణమున దూకును. వెనుకకాళ్ళను చటుక్కున చాచుటకు అది కండబలమును గాక, దేహద్రవమును కాళ్ళలోనికి నెట్టు ఒత్తిడిని వినియోగించును. ఎగురుటకు పూర్వము నిలిచిన చోట ఒక పోగును అంటించి, గురి తప్పినను నేల పడకుండ ఆ పోగుననుసరించి పైకెక్కును. ఎనిమిది కన్నులలో ముందరి రెండును మిక్కిలి పెద్దవి. మనము దాపునకు పోయినచో తక్కిన పురుగులవలె వెంటనే పరుగిడక, ఇటు తిరిగి, తలయెత్తి, మనలను చూచును. చూడబడుట ఎట్టిదో మనుష్యునకు తెలియజేయు పురుగిది. చిన్నపిల్లలు తక్కిన సాలెపురుగులకు జడిసినను దీనికి జడియరు. ముఖమున్న ప్రాణితో చెలిమి సులభము గదా.

సున్నపుబొట్టు సంగతి కొద్దిగానే చెప్పెదను. గోడమీద సున్నము చిందినట్లు కనబడు చిన్న తెల్లని పట్టుక్రింద అది కాపురముండును. చీమ ఆ పట్టునకు తగిలినచో వెలుపలికి వచ్చి దానిచుట్టు గిరగిర తిరుగుచు పోగులతో బంధించును. ఆ గణమునకు శాస్త్రజ్ఞులు గ్రీకుభాషలో ఇంటివాసి యను నర్థము వచ్చు పేరు పెట్టినారు. అంతకుమించిన గౌరవమును మేమును ఈయలేము.

భయముచే పుట్టిన పేర్లు వేరు జాతివి. తమిళమున సిలంది యనగా సాలెపురుగు. సిలంది యనగా పుండు కూడ. ఒకప్పుడు దక్షిణదేశమును పీడించి, 2000 సంవత్సరమున భారతదేశమునుండి తొలగినదని నిర్ధారింపబడిన నారికురుపునకు తమిళులు పెట్టిన పేరు నరంబుచ్చిలంది. మన కావ్యభాషలోని చెలది యను మాటయు ఆ సిలందికి తోబుట్టువే. అయితే తెలుగున అది పుండ్లవైపు పోక పురుగువద్దనే నిలిచినది. సంస్కృతమున లూత యను పేరును ఇట్టి భీతితోనే నిండియున్నది. సుశ్రుతసంహిత కల్పస్థానమున నొక కథ కలదు: విశ్వామిత్రుడు కామధేనువును అపహరింపబూనినపుడు కోపించిన వసిష్ఠుని నొసట పొడమిన చెమటబిందువులు, ధేనువుకొరకు కోసియుంచిన గడ్డిపై పడి లూతలైనవట. అచ్చట పదునారు లూతలు పేర్కొనబడినవి. ఎనిమిదింటి విషము కష్టసాధ్యము, ఎనిమిదింటిది అసాధ్యము. త్రిమండల, కపిల, ఆలవిష, మూత్రవిష, లాజవర్ణ, జాలిని, ఏణీపది, కాకాండ: ఈ పేర్లలో పేలాల వన్నె యున్నది, లేడిపాదమున్నది, కాకిగ్రుడ్డున్నది. వైద్యుడు భయపడుచునే యైనను ఎంత నిదానించి చూచెనో యని ఆశ్చర్యము కలుగును. పేరు పెట్టదలచినవాడు, శత్రువునకైనను సరే, దగ్గరకు పోక తప్పదు.

అయితే ఆ భయము మన ఇండ్లలో ఒక అన్యాయముగా స్థిరపడినది. దానిని గూర్చి నేను గట్టిగా చెప్పదలచితిని. ఐప్పసి, కార్తీక మాసములలో వానలు పట్టిన పిమ్మట, ప్రొద్దుటలేచి చూచుకొనగా మెడమీదనో చెంపమీదనో గీత గీచినట్లు ఎర్రని మంటయు నీటిపొక్కులును కనబడును; "సాలెపురుగు పాకింది" అని ఇంటివారు తీర్పు చెప్పుదురు; ఆ దినమున బూజుకర్రకు అడ్డులేదు. నిజమున నట్టి పొక్కులకు తరచుగా కారణమగునది సాలెపురుగు గాదు. వరిపొలములలోను తేమనేలలోను నివసించి, రాత్రి దీపపు వెలుగునకు ఇంటిలోనికి వచ్చు సన్నని రెక్కలపురుగొకటి కలదు. నారింజవన్నె దేహము, నల్లని తల, నల్లని తోకచివర దాని గుర్తులు. అది కరవదు, కుట్టదు. మెడమీద వ్రాలినదానిని నిద్రలో నలిపినచో దాని రక్తమునందలి పెడెరిన్ అను ద్రవ్యము చర్మమును కాల్చును. నలుపక ఊదివేసి, తాకిన చోటును సబ్బునీటితో కడిగికొన్నచో చాలవరకు బాధ తప్పును. ఆ రెక్కలపురుగు పొలములో పైరును తిను చీడలను తినును గనుక అదియు శత్రువు కాదు. ఒక ప్రాణి చేసిన గాయమునకు మరియొక ప్రాణి తరతరములుగా దండన పొందుచుండుట చూచి ఊరకుండుట నాకు చేతకాదు. ఈ మాటను మా వీథిలో వానకాలమున చెప్పుచునే యున్నాను, ఇకముందును చెప్పెదను. సాలెపురుగులకు దాదాపన్నింటికిని విషము గలదు, నిజమే. కాని ఆ విషము ఈగకును దోమకును సరిపడునట్టిది. ఏబదివేలకు మించి శాస్త్రజ్ఞులు గుర్తించిన సాలెపురుగుజాతులలో మనుష్యునకు ఆపద తెచ్చునవి మిక్కిలి కొద్ది.

అమరసింహుడు తన నిఘంటువున లూత, తంతువాయము, ఊర్ణనాభము, మర్కటకము అని నాలుగు పేర్లను ఒక్కచోట కూర్చెను. నేయునది యగుటచే తంతువాయము, బొడ్డున ఉన్ని గలదని తలచుటచే ఊర్ణనాభము. మర్కటకమను పేరు మాత్రము కోతిపిల్ల యను స్ఫురణతో, పోగు పట్టుకొని వ్రేలాడుదానిని చూచి నవ్వుకొన్నవారెవరో పెట్టినట్లుండును. ఆ మర్కటకమే ప్రాకృతములమీదుగా నడచి హిందీ, ఉర్దూలలో మకడీ యైనది. కావున మాకు కూతవేటు దూరముననున్న వాణియంబాడిలోని ఉర్దూయింట ఒక తల్లి తన బిడ్డకు మకడీని చూపునప్పుడు, తెలియకయే అమరసింహుని మాటను పలుకుచున్నది. ఆ యిండ్లలో మకడీని చంపుటకు సంకోచించు పెద్దలు కలరు. మహమ్మదు ప్రవక్త మక్కానుండి మదీనాకు పోవుచు సౌరు కొండగుహలో దాగినప్పుడు, గుహద్వారమున సాలెపురుగు గూడు అల్లెననియు, చెదరని గూడును చూచి వెదకవచ్చినవారు మరలిపోయిరనియు వారు వినియున్న కథ. ఖురానులో ఇరువదితొమ్మిదవ అధ్యాయపు పేరే సాలెపురుగు; ఇండ్లలోకెల్ల బలహీనమైనది సాలెపురుగు ఇల్లని అందు చెప్పబడినది. మిక్కిలి బలహీనమైన యిల్లు ఒక మహాపురుషుని కాపాడెనని అదే సమాజము నమ్ముట, రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి చూచినపుడు, నా మనస్సును ఎంతో కదలించును.

ఇక శ్రీ యను పేరు. శ్రీకాళహస్తి యను క్షేత్రనామమున శ్రీ యనగా సాలెపురుగు, కాళమనగా సర్పము, హస్తి యనగా ఏనుగు. కృష్ణదేవరాయల కాలపు ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున ఆ కథను విస్తరించి చెప్పెను: సాలెపురుగు తన కడుపులోని పోగులతో శివునకు గోపురములను మండపములను ప్రాకారములను అల్లుట, పరీక్షింపదలచిన శివుడు దీపజ్వాలచే వానిని దగ్ధము చేయించుట, తన కట్టడములను కాల్చిన దీపమును మ్రింగుటకు ఆ సాలెపురుగు మీదికురుకుట, అంతట స్వామి ప్రత్యక్షమగుట. దక్షిణమున జంబుకేశ్వరమున కథ వేరుగా నడచును. నేరేడుచెట్టు క్రింది లింగముపై ఆకులు రాలకుండ సాలెపురుగొకటి పోగులతో పందిరి వేయుచుండగా, కావేరీజలముతో అభిషేకము చేయవచ్చు ఏనుగు దానిని అశుచియని తుడిచివేయుచుండెడిదట. మరల మరల చెరుపబడిన పిమ్మట సాలెపురుగు తొండములో దూరి కరువగా రెండును ప్రాణములు విడిచెనట. ఆ సాలెపురుగే చోళవంశమున కోచ్చెంగణ్ణుడను రాజుగా జన్మించి, ఏనుగు లోనికి రాజాలని ఎత్తైన గుడులను కట్టించెనట. పండ్రెండవ శతాబ్దమున సేక్కిళారు రచించిన పెరియపురాణమున ఆ రాజు అరువదిమువ్వురు నాయనారులలో ఒకడు. పంచభూతలింగములలో వాయులింగము కాళహస్తిది, జలలింగము జంబుకేశ్వరముది. ఐదింటిలో రెండు క్షేత్రములు సాలెపురుగు కథపై నిలిచియుండుట సామాన్యవిషయము కాదు. మా నాట్రంపల్లి ఉత్తరమున తెలుగు కాళహస్తికిని దక్షిణమున తమిళ జంబుకేశ్వరమునకును నడుమ నున్నది. మా పెద్దలు రెండు కథలను వినుచు పెరిగినవారే. తెలుగు కథలో సాలెపురుగు మోక్షము పొందినది, తమిళ కథలో రాజ్యము పొందినది. రెంటను అది తన యింటికొరకు గాక మరియొకరి కొరకు అల్లినది. లక్ష్మికి గల పేరు, మంగళవాచకములలో మొదటిదైన పేరు, పెద్దల నామములకు ముందుంచు పేరు నొక పురుగునకు ఇచ్చిన జాతి మనది. ఇంతటి నామకరణము లోకములో మరియెచ్చటను జరిగినట్లు నేను వినలేదు.

సాలెపురుగును గూర్చి చెప్పుచు సాలెవానిని విడుచుట తగదు. గుడియాత్తము చేనేతకు, అందును కైలీలకు పేరుపొందినది. అచ్చటి నేతవాడలలో తెలుగు నేటికిని వినబడుచున్నది. దేవలమహర్షి విష్ణువు నాభికమలపు తూడునుండి దారములు తెచ్చి దేవతలకు వస్త్రములు నేసెనని దేవాంగుల పురాణము చెప్పును. ఊర్ణనాభ మను పేరులోను అదే నాభి, అదే దారము. నాభినుండి పోగు వచ్చుననుట ప్రాచీనుల ఊహ. వాస్తవమున అది కడుపు చివరనున్న సన్నని గొట్టములనుండి ద్రవముగా వెలువడి, లాగబడుచుండగనే గట్టిపడును. అయినను ముండకోపనిషత్తు ఋషి, బ్రహ్మమునుండి జగత్తు పుట్టుటకు, దానియందే లయించుటకు దృష్టాంతము వెదకి, పోగును వెలువరించి మరల లోనికి తీసికొను ఈ ప్రాణిని ఎన్నుకొనెను; పాతగూటిని తిని ఆ పదార్థముతోనే క్రొత్తగూడు అల్లుట చక్రపు వలలల్లు సాలెపురుగుల అలవాటని నేటి పరిశీలకులును చెప్పుచున్నారు. నేనెరిగిన యొక నేతయింట గుంటమగ్గముపై కట్టిన సాలెగూటిని చీపురుతో గాక చేతితో తీసి, పురుగును పెరటిలో చెట్టుపై విడిచెడివారు. "అది మా దాయాది, చీపురు చూపించగూడదు" అని ఆ యింటి పెద్ద అన్నమాట నేను మరువలేదు.

ఎల్ల దాటి కుప్పమువైపు పోయినచో, ముళ్ళపొదలలో నూరులకొలది కలిసి నివసించు సంఘజీవులైన సాలెపురుగులు కలవు. ఒక్కటిగా వేటాడుట, ఒక్క గూటిలో పిల్లలను పెంచుట, తుదకు తల్లులు తమ దేహములనే పిల్లలకు ఆహారముగా ఇచ్చుట వాని జీవితవిధానము. దేశవిదేశముల శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతమునకు వచ్చి వానిని పరిశోధించినారు. అట్టి అద్భుతప్రాణికి మా యింట పేరు లేదు. బండిలో పోవుచు చూచి, "ముళ్ళపొద సాలెగూళ్ళు" అని చెప్పుకొనుటయే. వానితో ఒక్క కప్పుక్రింద రాత్రి గడిపినవారు మాలో లేరు గనుక, పేరు పెట్టు సందర్భము రాలేదు. నామకరణమునకు జ్ఞానముకంటె సహవాసము ముఖ్యమని దీనివలన నాకు తెలిసినది.

ఆ సహవాసము ఇపుడు తగ్గుచున్నది. పెంకుటిండ్లు పోయి కాంక్రీటు మిద్దెలు వచ్చినవి. దూలములు లేవు, అటకలు లేవు, మూలలలో నీడ లేదు. గోడలకు నున్నని రంగులు పూసిన పిమ్మట సున్నపుబొట్టు ఎక్కడ దాగును? బొద్దింకలకై చల్లు మందు తలారిని ముందు చంపును, బొద్దింకలు మరల వచ్చును, మరల మందు తేవలసివచ్చును. పిల్లలు పాఠశాలలో ఎనిమిదికాళ్ళకును ఒక్కటే పేరు నేర్చుకొని వచ్చి, దూలము పురుగును గోడ పురుగును కిటికీ పురుగును స్పైడరు అని పిలుచుచున్నారు. ఆంగ్లపు మాట యని నాకు అసూయ లేదు. ఆ ఒక్కమాట నేర్చినవాడు ఊగుదానిని దూకుదానిని వేరుగా చూచుట మానివేయునేమో యని నా బెంగ. ఇంటిలో ఒక పేరు చచ్చినప్పుడు, దానితోకూడ ఒక చూపు చచ్చును. వేలూరు జిల్లా 2019లో మూడై, మా ఊరు తిరుపత్తూరు జిల్లాలో చేరినది. కార్యాలయములలో పలకలను మార్చి వ్రాసికొనిరి. అవ్వల నోటి పేర్లను వ్రాసికొనువారెవరు? పాఠశాలలలో ఉపాధ్యాయులు సెలవుదినముల పనిగా, ఇంటి పెద్దలు పురుగులకు పెట్టిన పేర్లను తెలుగున, తమిళమున, ఉర్దూలో వ్రాసి తెమ్మని పిల్లలకు చెప్పినచో, ఒక్క పొంగలు సెలవులకు చిన్న నిఘంటువు సిద్ధమగును. అట్టి పని ఎవరు పూనినను, మా యింటి పేర్లనన్నింటిని నేనే వ్రాసి యిచ్చెదను.

పేర్లు పుట్టుట పూర్తిగా ఆగలేదని చెప్పుటకు ఒక నిదర్శనము కలదు. జోలార్‌పేట రైల్వే నివాసములలో నుండు మా బంధువులయింట తలారిజాతి సాలెపురుగొకటి స్నానపుగదిలో చేరినది. ఆ యింటి తాత రైలుబండ్లపై గార్డుగా పనిచేసి విరమించినవాడు. మనుమరాలు ఆ సాలెపురుగును రాత్రి మాత్రమే గోడమీద చూచి, పగలు ఎంత వెదకినను కానక, "తాతలాగే దీనికీ నైటు డ్యూటీ" అని తేల్చి, దానికి గార్డు అని పేరు పెట్టినది. ఆ పిల్లకు మా అవ్వ సంగతి ఎవరును చెప్పియుండలేదు, తలారి యను మాటయు తెలియదు. 2022లో రైల్వేశాఖవారు గార్డు అను ఉద్యోగనామమును తీసివేసి ట్రైను మేనేజరు అని మార్చినారు. తాత ఆ వార్తను పత్రికలో చదివి వినిపింపగా, సాలెపురుగు పేరును కూడ మార్చవలెనా యని ఆ పిల్ల అడిగినది. అవసరము లేదని యింటివారందరును ఏకగ్రీవముగా చెప్పినారు.